యాత్రకు ముందు చదువదగిన పుస్తకములు

‘కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానము’ అను సామెత మన దేశమున చిరకాలమునుండి వాడుకలో నున్నది. దారిలో అడవులు, దొంగలు, జ్వరములు, పొంగి పొరలు నదులు యాత్రికుని ప్రాణములకు గండములై యున్న కాలమున పుట్టిన మాట యిది. నేడు రైలెక్కినవారు ఒకటి రెండు దినములలో కాశి చేరగలరు. పూర్వపు భయము తొలగినది గాని దాని స్థానమున తొందర ప్రవేశించినది. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో, వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని, వేయి మైళ్లు పోయి, మూసియున్న తలుపుల యెదుట నిలువబడుట ఎంత దుఃఖకరము! దిగవలసిన స్టేషను పేరు మారినదని తెలియక అర్ధరాత్రి ప్లాటుఫారముపై తికమకపడుట, నూరు మెట్లున్నవని విని బయలుదేరి వేయి మెట్లను చూచి కూలబడుట మొదలగు కష్టములకు విధిని నిందించి లాభము లేదు. వీనిలో పెక్కు, తగిన పుస్తకమును తగిన వేళ చదువుటచే తప్పింపదగినవే.

అట్లని యేదో యొక పుస్తకమును కొని చదివినచో చాలునా? చాలదు. యాత్రనుగూర్చిన పుస్తకములు ఒక్క జాతివి కావు. వాని జాతిభేదమును గుర్తింపక, ఒకదానిని అడుగవలసిన ప్రశ్నను వేరొకదానిని అడుగుటచేతనే చాలమంది మోసపోవుచున్నారు. కావున ఈ పుస్తకములు ఎన్ని విధములు, దేనిని ఎప్పుడు చదువవలయును, దేనిని ఎంతవరకు నమ్మవలయును అను విషయములను మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలియునట్లు ఇందు వివరింపదలచితిమి. సామెతలో కాశి వచ్చినది గనుక కాశీయాత్రనే ముఖ్యమైన ఉదాహరణముగా గైకొందుము.

యాత్రకు సంబంధించిన పుస్తకములు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది యాత్రాచరిత్ర; అనగా ఒకడు తాను పోయి, చూచి, పడిన పాట్లను, పొందిన ఆనందమును చెప్పుకొన్నది. రెండవది మార్గదర్శిని; దీనినే ‘గైడు’ అందుము. ఇది గ్రంథకర్త కథ కాదు; పోబోవు చదువరి సౌకర్యమునకై దారులు, దూరములు, బసలు, ఖర్చులు, చూడదగిన వస్తువులు వరుసగా కూర్చినది. మూడవది సమయసూచిక, రైళ్లు, బస్సులు, దర్శనవేళలు మాత్రమే తెలుపునది. మొదటిది ‘ఏల పోవలయును, ఏమి చూడవలయును’ అని నేర్పును. రెండవది ‘ఎట్లు పోవలయును’ అని చెప్పును. మూడవది ‘ఎప్పుడు’ అని చెప్పును. పుణ్యక్షేత్రములలో అమ్మెడి క్షేత్రమాహాత్మ్యములు ఈ మూటికిని వేరైనవి. ఆ స్థలము ఏల పవిత్రమైనదో అవి తెలుపును. కాని బస్సు ఎన్ని గంటలకో తెలుపవు, తెలుపవలెనని కోరుటయు న్యాయము కాదు.

మన తెలుగువారికి యాత్రాచరిత్ర యనగానే స్ఫురింపవలసిన గ్రంథము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. ఆయన చెన్నపట్టణమున సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసెను. 1830వ సంవత్సరము మే 18వ తేదీని సుమారు నూరుగురు పరివారముతో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశి చేరి, గయ, కలకత్తా, పూరీ, విశాఖపట్టణము, రాజమహేంద్రవరముల దారిని మరలి, 1831 సెప్టెంబరు 3వ తేదీని ఇల్లు చేరెను. దక్షిణదేశమున తొలి రైలు నడచినది 1856లో. అనగా ఈ యాత్ర జరిగిన పాతికేండ్లకు. దారిలో చూచినదెల్ల ఆయన తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాయుచుండెను. వీరాస్వామయ్యగారు 1836లో కాలధర్మము నొందిన పిమ్మట ఆ మిత్రుడే దానిని 1838లో అచ్చొత్తించెను. ఒక శతాబ్ది గడచిన తరువాత, 1941లో, దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల ప్రకటించిరి.

ఈ గ్రంథమున ఒక విశేషము కలదు. ఇది యాత్రాచరిత్రయే యైనను మార్గదర్శిని చేయవలసిన పనిని కూడ చేసెను. ఏ మజిలీలో మంచినీరు కలదు, ఎచ్చట అంగళ్లున్నవి, ఎచ్చట బస దొరకును, ఏ బాట రాళ్లమయము, ఏ బాట ఇసుక అను సంగతులను ఆయన ఓపికగా వ్రాసెను. నూరుగురికి ప్రతిదినము వంట జరుగవలసిన గృహస్థు చూపు అది. ఆనాటి యాత్రికునికి ఇంతకంటె ఉపకరించు పుస్తకము మరియొకటి తెలుగున లేకుండెను. నేడు ఆ మజిలీలను నమ్ముకొని ఎవ్వడును కాశికి పోజాలడు. ఆ గ్రంథములో మార్గదర్శిని చచ్చినది. కాని యాత్రాచరిత్ర బ్రదికియే యున్నది. ఆనాటి ఊళ్లు, పంటలు, పన్నులు, జనుల నడవడి దానిలో నేటికిని మనకు కన్నులయెదుట కనబడును. ఒక్క పుస్తకములోనే ఒక భాగము మురిగిపోవుటయు, ఒక భాగము నిలిచియుండుటయు గమనించినవాడు ఈ వ్యాసము చెప్పదలచిన దానిలో సగము గ్రహించినట్లే.

ఇక మార్గదర్శిని పుట్టుక చూతము. 19వ శతాబ్ది ప్రారంభమున మేరియానా స్టార్క్ అను ఆంగ్లవనిత ఇటలీదేశమునకు పోవువారికొరకు పుస్తకములు వ్రాసెను. వస్తువుల ధరలు, వెంట తీసికొనిపోదగిన సామానులు మొదలగునవి చెప్పుటయే గాక, ఏ చిత్రపటము ఎంత గొప్పదో తెలుపుటకు దానిప్రక్కన ఆశ్చర్యార్థక చిహ్నములను ఒకటి, రెండు, మూడుగా వేసెను. ఆమె పుస్తకములను అచ్చొత్తించిన లండను పుస్తకవ్యాపారి జాన్ ముర్రే కుటుంబమువారే 1836లో యూరపుఖండ యాత్రికులకు చేతిపుస్తకమును వెలువరించిరి. జర్మనీలో కార్ల్ బేడెకర్ 1839లో రైన్ నదీప్రాంతపు మార్గదర్శినిని తిరుగవ్రాసి ప్రకటించెను. ముఖ్యస్థలములకు నక్షత్రపు గుర్తు వేయు వాడుక వీరి పుస్తకములచేతనే వ్యాపించెను.

బేడెకర్ విషయమై ఒక కథ చెప్పుదురు. అతడు మిలాను నగరపు మహాదేవాలయముపైకి ఎక్కునప్పుడు, ఇరువది మెట్లకు ఒక బఠాణీగింజ చొప్పున ఒక జేబునుండి మరియొక జేబులోనికి వేయుచు లెక్కించెనట. దిగునప్పుడు మరల అట్లే చేసి లెక్క సరిచూచుకొనెనట! విని నవ్వుకొనవచ్చును గాని, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మకు ఆ లెక్కయే ప్రాణము. తిరుమలకు అలిపిరి మెట్లదారిని పోవువారు 3,550 మెట్లు ఎక్కవలయును. ఆ సంఖ్యను చెప్పిన పుస్తకమునుబట్టి అవ్వ నడువగలదా, బస్సులో పోవలయునా అని యింటివద్దనే నిర్ణయింపవచ్చును. ‘కొన్ని మెట్లు కలవు’ అని వ్రాసిన పుస్తకము ఏమియు చెప్పనట్లే. కవిత్వమునకు ‘అనేకము’ చాలును. మార్గదర్శినికి సంఖ్య కావలయును.

మన దేశమునకు ముర్రేవారి చేతిపుస్తకము 1859లో వచ్చెను. ఈస్ట్‌విక్ దొర మద్రాసు, బొంబాయి రాజధానులనుగూర్చి వ్రాసిన భాగములు మొదట వెలువడినవి. అవి ఆ కాలపు దొరలకై వ్రాయబడినవి గనుక, వారికి కావలసిన డాకు బంగళాలనుగూర్చి చెప్పును గాని, మన గృహస్థులకు కావలసిన సత్రములను గూర్చి వెదకిన ఫలము స్వల్పము. 1973లో టోనీ వీలర్, మౌరీన్ వీలర్ అను దంపతులు తాము తక్కువ ఖర్చుతో ఆసియాఖండమును దాటి పోయిన విధమును చిన్నపుస్తకముగా అచ్చొత్తించిరి. నేడు లోకప్రసిద్ధమైన ‘లోన్లీ ప్లానెట్’ మార్గదర్శినులు దానినుండియే పుట్టినవి. వారి భారతదేశపు సంపుటము 1981లో వచ్చెను. వీపున సంచి తగిలించుకొని ఒంటరిగా తిరుగు పాశ్చాత్య యువకుడు దాని తొలి చదువరి. ముర్రే తప్పు వ్రాయలేదు, వీలర్ దంపతులును తప్పు వ్రాయలేదు. ఎవరి చదువరికి వారు వ్రాసిరి. ఇద్దరు వృద్ధులు, ఇద్దరు పిల్లలు గల తెలుగు కుటుంబము ఆ చదువరి కానప్పుడు, ఆ పుస్తకపు సలహా ఎంత నిజమైనను వారికి చాలదు.

దీనినిబట్టి ఏ యాత్రాపుస్తకమును చేపట్టినను మూడు ప్రశ్నలు వేయవలయునని మా యభిప్రాయము. దీని వయస్సెంత? దీనిని వ్రాసినవాని కన్ను ఎట్టిది? ఇది ఎవరికొరకు వ్రాయబడినది? మూడవ ప్రశ్నకు సమాధానము ఇప్పుడే చూచితిమి. మొదటి రెండింటిని కొంచెము విరివిగా విచారింతము.

వయస్సు విషయము ప్రాణములకు సంబంధించినది. 2013వ సంవత్సరమునకు పూర్వము వ్రాయబడిన కేదారనాథ మార్గదర్శినులు గౌరీకుండమునుండి నడకదారి 14 కిలోమీటర్లనియు, నడుమ రాంబాడా యను మజిలీ కలదనియు చెప్పును. ఆ సంవత్సరము జూను నెలలో వచ్చిన భయంకరమైన వరదలో రాంబాడా తుడిచిపెట్టుకొనిపోయెను. తరువాత మందాకినీనదికి ఆవలి యొడ్డున క్రొత్త దారి వేయబడెను; అది పాత దారికంటె పొడవైనది. పాత పుస్తకమును నమ్మి, రాంబాడాలో విశ్రమింతమని తలచి బయలుదేరిన వృద్ధుని గతి యేమగును? అట్లే ధనుష్కోటికి రైలులో పోయి, అచ్చటనుండి ఓడలో సింహళమునకు దాటవచ్చునని పాత పుస్తకములు చెప్పును. 1964 డిసెంబరు నెలలో వచ్చిన తుపానులో ఆ ఊరును, ఆ రైలుమార్గమును సముద్రము పాలైనవి.

మన సీమలోనే నాగార్జునకొండను చూడుడు. 1926లో అచ్చటి బౌద్ధశిథిలములు వెలుగులోనికి వచ్చినవి. లాంగ్‌హర్స్టు దొర ఆ లోయలోని స్తూపములను, విహారములను త్రవ్వించి వర్ణించిన గ్రంథము 1938లో ప్రకటింపబడెను. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. కట్టడము పూర్తియైన పిమ్మట ఆ లోయ నీట మునిగెను. త్రవ్వకములలో దొరకిన ముఖ్యవస్తువులను కొండపైని ప్రదర్శనశాలకు చేర్చిరి. కట్టడములు కొన్నింటిని ఆ కొండపైనను, అనుపు వద్దను తిరిగి నిర్మించిరి. నేడు ఆ కొండ ఒక ద్వీపము, పడవపై పోవలయును. లాంగ్‌హర్స్టు గ్రంథమును దారి చూపుటకు తీసికొనిపోయినవాడు నీటిలో దిగవలసివచ్చును. దానినే ముందుగా ఇంటివద్ద చదివిపోయినవాడు, ఆ నీటి అడుగున ఏ నగరమున్నదో మనస్సున చూడగలడు. తక్కినవారికి అది వట్టి చెరువు. పాత పుస్తకమును పారవేయుమని మేము చెప్పుట లేదు. దానిని చదువవలసినచోటు ఇల్లు, బాట కాదు.

కాశివిషయమునను ఇట్లే. రైలు మారుటకు ప్రసిద్ధమైన మొగల్‌సరాయి స్టేషనునకు 2018లో పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు పెట్టిరి. అలహాబాదు నగరము అదే సంవత్సరమున ప్రయాగరాజ్ అయ్యెను. మండువాడీహ్ స్టేషను 2021లో బనారస్ అను పేరు దాల్చెను. కాగా వారాణసి జంక్షన్, బనారస్ అనునవి ఒకే నగరమున రెండు వేరు స్టేషనులు. ఈ భేదమెరుగనివాడు ఒకచోట దిగి మరియొకచోట రైలుకై ఎదురుచూచును. మరియు 2021 డిసెంబరులో విశ్వనాథాలయమునుండి గంగాతీరమువరకు విశాలమైన ప్రాంగణము తెరువబడెను. అంతకుముందు వ్రాసిన పుస్తకములు ఆలయముచుట్టును వర్ణించిన ఇరుకుసందులు, ఇండ్లు కొన్ని నేడు లేనేలేవు. కావున మార్గదర్శినిని కొనునప్పుడు ముఖపత్రము వెనుకనున్న ముద్రణసంవత్సరమును మొదట చూడవలయును. ‘పునర్ముద్రణము’ వేరు, ‘సంస్కరించిన ముద్రణము’ వేరు. పునర్ముద్రణమున కాగితము మాత్రమే క్రొత్తది.

రెండవ ప్రశ్న కన్నునుగూర్చినది. ఇది ముఖ్యముగ యాత్రాచరిత్రలకు వర్తించును. ప్రతి యాత్రికుడును తన వృత్తినిబట్టి లోకమును చూచును. 17వ శతాబ్దిలో గోలకొండ రాజ్యమునకు వచ్చిన తవర్నియే యను ఫ్రెంచివాడు రత్నవర్తకుడు. అతడు వజ్రపు గనులనుగూర్చి వ్రాసినది అమూల్యము. రాళ్ల బరువు, బేరము, దళారుల పద్ధతి మొదలగువానిలో అతని చూపు నిశితమైనది. మతాచారములనుగూర్చి అతడు చెప్పిన దానిని అంత నమ్మకముతో చదువబనిలేదు. చీనాదేశమునుండి 7వ శతాబ్దిలో వచ్చిన హ్యూయన్ త్సాంగ్ భిక్షువు విహారములను, భిక్షువుల సంఖ్యను, ఊరినుండి ఊరికి గల దూరమును, దిక్కును వ్రాసిపెట్టెను. పండ్రెండు వందల యేండ్ల తరువాత, 1861-62 సంవత్సరములలో, కన్నింగుహాము దొర ఆ దూరములను దిక్కులను చేతబట్టుకొని పోయి, బీహారులోని దిబ్బలను నాలందా మహావిహారముగా గుర్తింపగలిగెను. నిజాయితీతో వ్రాసిన యాత్రాచరిత్ర ఎంతకాలము పనిచేయునో దీనివలన తెలియును.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణము కూడ కలదు. 14వ శతాబ్దిలో జాన్ మాండవిల్ అను పేరుతో యూరపులో వెలువడిన యాత్రాగ్రంథమున తలలేక రొమ్మున ముఖముగల మనుష్యులు మొదలగు వింతలు వర్ణింపబడినవి. వందల యేండ్లు జనులు దానిని నమ్మిరి. గ్రంథకర్త ఇతరుల పుస్తకములనుండి ఏరికూర్చినదే దానిలో అధికభాగమని విద్వాంసులు తరువాత కనుగొనిరి. కనుక యాత్రాచరిత్రను చేపట్టినప్పుడు, ‘ఇతడు స్వయముగ పోయెనా? ఎన్నాళ్లుండెను? అచ్చటివారితో మాటలాడెనా?’ అని అడుగవలయును.

కాశినిగూర్చియే ఈ రెండుజాతుల పుస్తకములు ప్రక్కప్రక్కన నిలిచిన ముచ్చట యొకటి కలదు. మార్క్ ట్వేన్ అను అమెరికా హాస్యరచయిత 1896లో ఉపన్యాసములిచ్చుచు మన దేశమున సంచరించి కాశికి వచ్చెను. ఆ నగరమున నివసించిన పార్కర్ అను మిషనరీ వ్రాసిన చిన్న మార్గదర్శిని అతనికి ఎంతయు తోడ్పడెను. ఆ సంగతిని అతడే 1897లో ప్రకటించిన తన యాత్రాగ్రంథమున చెప్పుకొనెను. పార్కర్ ఆ ఊరివాసి; వీథులు, ఘట్టములు, ఆలయములు ఆయనకు కంఠస్థములు. ట్వేన్ కొలదిదినముల అతిథి. అతనికి తెలిసినది మాట చమత్కారము. నేడు కాశి ప్రాచీనతనుగూర్చి ట్వేన్ చెప్పిన వాక్యమొకటి ప్రకటనపత్రములన్నిటిపైనను కనబడును; పార్కర్ పేరు ఎవ్వరికిని తెలియదు. అందమైన వాక్యము మిగులును, ఉపకారము చేసిన పుస్తకము మరుగునపడును. పోబోవువానికి రెండును కావలయును. కాని ట్వేన్‌ను దారి అడుగరాదు, పార్కర్‌ను నవ్వింపుమనరాదు.

ఇట్లు జాతి, వయస్సు, కన్ను, చదువరి అనువానిని ఎరిగిన పిమ్మట, పుస్తకశాలలో ఒక మార్గదర్శినిని చేతబట్టుకొన్నవాడు దానిని పరీక్షించు విధమెట్లు? అన్నిటికంటె సులభమైన పరీక్ష యొకటి చెప్పెదము. మీరు పోబోవు ఊరి పుటను మొదట చూడకుడు. మీరు బాగుగ నెరిగిన ఊరి పుటను చూడుడు. అచ్చట తప్పులున్నచో, మీరెరుగని ఊరి పుటలోను తప్పులుండకపోవు.

గుంటూరుసీమవారు అమరావతి పుటను తీసి చూడవచ్చును. మహాస్తూపము యొక్క గొప్ప శిల్పములు నేడు అధికముగ చెన్నపట్టణములోని ప్రభుత్వ మ్యూజియమునందును, లండనులోని బ్రిటిషు మ్యూజియమునందును ఉన్నవి. అమరావతిలో మిగిలినది స్తూపపు పునాది, కొన్ని ఫలకములు, ఒక స్థానిక ప్రదర్శనశాల. ఈ సంగతిని స్పష్టముగ చెప్పిన పుస్తకము నమ్మదగినది. శిల్పముల ఛాయాచిత్రములను ముద్రించి, అవన్నియు అచ్చటనే యున్నట్లు భ్రమ కల్పించునది నమ్మదగనిది. ఉన్నదానిని పొగడుట ఎవరికైనను సాధ్యము. లేనిదానిని లేదని చెప్పుటయే మంచి మార్గదర్శినికి గుర్తు.

మరికొన్ని గుర్తులను క్లుప్తముగ చెప్పెదము. పటములు స్పష్టముగనుండి, దూరపు కొలతను, ఉత్తరదిక్కును చూపవలయును. చివర అకారాదిసూచిక ఉండవలయును. సెలవుదినములు చెప్పవలయును, సారనాథములోని పురావస్తు మ్యూజియము, హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియము, ఆగ్రాలోని తాజ్‌మహలు శుక్రవారమునాడు మూసియుండును. అశోకుని నాలుగు సింహముల శిరస్సును చూడవలెనని కాశినుండి సుమారు 10 కిలోమీటర్లు పోయి, శుక్రవారమగుటచే చూడక మరలిన బాలుని నిరాశను ఒక్క పంక్తి తప్పింపగలదు. కడపట, పుస్తకము అచ్చొత్తించినవారి లాభమేదో విచారింపవలయును. రైలుకంపెనీలు పూర్వము చక్కని మార్గదర్శినులను ప్రకటించెడివి. అవి తమ రైలు పోవు ఊళ్లను వర్ణించుట సహజము. హోటలువారి ప్రకటనలతో నిండిన పుస్తకము ఆ హోటలు నల్లులను గూర్చి చెప్పునా? బేడెకర్‌వారు తమ పుస్తకములలో ప్రకటనలను చేర్చుకొనకుండుట ఇందుకే.

‘ఇంత శ్రమ యేల? చేతిలోని ఫోనును అడిగిన చాలదా?’ అని మా పై తరగతుల విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. రైలువేళలు, టిక్కెట్లు, వానలు, నేడు తెరచియున్నదా మూసియున్నదా యను సంగతులు తెలిసికొనుటకు అచ్చుపుస్తకముకంటె ఫోనే మేలు. సమయసూచిక పని అదియే చేయుచున్నది; చేయనిండు. అయినను రైల్వేవారు, దేవస్థానమువారు, ప్రభుత్వమువారు స్వయముగ ప్రకటించిన చోటనే చూడవలయును. ఎవరో అపరిచితులు వేసిన నక్షత్రములకు పై మూడు ప్రశ్నలే వేయుడు: ఎప్పుడు వేసిరి, ఎవరు వేసిరి, ఎవరికొరకు వేసిరి? మరియొక సంగతి. ఫోను మనమడిగినదానికి బదులు చెప్పును. అడుగవలెనని మనకు తోచని సంగతిని చెప్పునది మంచి పుస్తకమే. సారనాథమను పేరే విననివాడు దానిని గూర్చి ఫోనును ఎట్లడుగును?

ఇక పుస్తకములను చదువవలసిన వరుస. యాత్రకు రెండు మూడు నెలల ముందు యాత్రాచరిత్రను చదువుడు. కాశికైనచో వీరాస్వామయ్యగారి గ్రంథమును ఇంటిల్లిపాదియు వినునట్లు రాత్రివేళల కొన్ని పుటల చొప్పున పైకి చదువుట మంచిది. ఆంగ్లమెరిగినవారు డయానా ఎక్ అను విదుషి 1982లో ప్రకటించిన కాశీనగర గ్రంథమును కూడ చదువవచ్చును. దానివలన ఏమి చూడవలెనను కోరిక స్థిరపడును. ఆ తరువాత క్రొత్త మార్గదర్శినిని పటముతో జతపరచి చదివి, కోరికలను దినములుగా విభజింపుడు. కాశినుండి ప్రయాగ సుమారు 120 కిలోమీటర్లు, అయోధ్య సుమారు 200, గయ సుమారు 250. ఈ మూడును మూడు వేరు దిక్కులు. నాలుగు దినముల యాత్రలో మూటిని చేర్చినవాడు గంగను చూచుటకంటె బండి కిటికీని ఎక్కువగా చూచును. ఏది విడువవలయునో నిర్ణయించుటకే మార్గదర్శిని. అన్నియు చేర్చుటకు కాదు. వెంట వచ్చువారిలో అందరికంటె నెమ్మదిగా నడచువారి నడకనుబట్టి దినచర్య వేయవలయును. బయలుదేరుటకు వారము దినముల ముందు సమయసూచికను చూచి వేళలన్నియు సరిచూచుకొని, ఒక కాగితముపై వ్రాసి, ఇంటనుండువారికి ఒక ప్రతి యిచ్చిపోవలయును.

తుదకు విద్యార్థులకు ఒక మాట. రానున్న వేసవి సెలవులలో మీలో ప్రతివాడును తన ఊరినిగూర్చి, ఆ ఊరెరుగని అతిథికొరకు, రెండు పుటల మార్గదర్శినిని వ్రాసి తేవలెనని కోరుచున్నాము. బస్సు ఎచ్చట దిగవలయును, మంచినీరు ఎచ్చట దొరకును, వైద్యుడు ఎచ్చటనుండును, కొండపైని గుడికి మెట్లెన్ని, వానకాలమున ఏ వాగు దాటరాదు అను సంగతులు వ్రాయుడు. మెట్లను ఊహింపక ఎక్కి లెక్కింపుడు. దిగునప్పుడు మరల లెక్కింపుడు. లేనిదానిని ఉన్నట్లు వ్రాయకుడు. మొదటి పంక్తిలో తేదీని వేయ మరువకుడు. ఏలయన తేదీలేని మార్గదర్శిని, మైలురాయి లేని బాటవంటిది. వీరాస్వామయ్యగారు తన మిత్రునికి వ్రాసిన ఉత్తరములే పుస్తకమై మనవరకు వచ్చినవి. మీ రెండు పుటలు ఈ యేడు ఒక అతిథికి దారి చూపిన చాలును. నూరేండ్లకు అవి ఎవ్వరికి ఉపకరించునో నేడెవ్వరు చెప్పగలరు?